అప్రెంటిసా, కార్మికుడా? ఆటోనగర్ వెల్డర్ కుర్రాడి కేసు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో రెండేళ్లకు పైగా పనిచేసిన ఒక వెల్డర్ కుర్రాడి తరఫున నేను వాదించిన కేసు ఇది. షీటు కటింగ్ మెషిన్‌లో పడి అతని ఎడమచేతి చూపుడువేలు మొదటి కణుపు పోయింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషుల్ని, షెడ్డుని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. లేబర్ కేసుల్లోకి కొత్తగా వస్తున్న జూనియర్లు, ఐటీఐల్లో పాఠాలు చెప్పే మాస్టార్లు ఇది చదవాలని నా కోరిక. షెడ్డు ఓనరు వాదన మొత్తం ఒక్క మాట మీద నిలబడింది: "వాడు మా దగ్గర పనివాడు కాదండీ, పని నేర్చుకుంటున్నాడు." ఆ మాట నిలబడితే కుర్రాడికి కనీస వేతనం ఉండదు, పని గంటల లెక్క ఉండదు. వేలు పోయినా "పాపం" అని చేతిలో పెట్టిన డబ్బే దిక్కు.

షెడ్డులో చేరిన తీరు

కుర్రాడిది ఎన్టీఆర్ జిల్లాలో ఒక పల్లె. తండ్రి కౌలుకి చేస్తాడు. పదో తరగతి తర్వాత ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేశాడు, మార్కులు బాగానే వచ్చాయి. 2021లో ఊరి మనిషి ఒకాయన షెడ్డు ఓనరుకి పరిచయం చేశాడు. అప్పటికి 17 ఏళ్లు నిండాయి. "మూడేళ్లు పని నేర్చుకో, తర్వాత మేస్త్రి జీతం ఇస్తా" అన్నది ఒప్పందం. కాగితం లేదు. మొదటి ఏడాది నెలకి 3,000, రెండో ఏడాది 4,500, ఆ తర్వాత 6,000. దాన్ని జీతం అనరు, బత్తా అంటారు.

చేరిన కొన్నాళ్లకి అక్క పెళ్లి వచ్చింది. తండ్రి ఓనరు దగ్గర 30,000 తీసుకున్నాడు. అప్పుడే పదో తరగతి సర్టిఫికెట్, ఐటీఐ సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఓనరు బీరువాలోకి వెళ్లాయి. "భద్రంగా ఉంటాయి, నీ దగ్గర ఉంటే పోగొట్టుకుంటావ్" అన్నారట. అప్పు తీరేదాకా కుర్రాడు ఎక్కడికీ పోకూడదన్నది అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనలేదు.

ఐటీఐ పాసైన వెల్డర్‌కి మూడేళ్లు నేర్పేది ఏముంటుంది? మొదటి నెలలోనే టాకాలు (చిన్న చిన్న వెల్డింగ్ అతుకులు) వేశాడు. ఆరు నెలలు తిరిగేసరికి తొట్టి సైడ్ డోర్లు ఒక్కడే కడుతున్నాడు. పొద్దున ఎనిమిదింటికి షెడ్డు తెరిచేదీ అతనే, రాత్రి డెలివరీ ఉంటే తొమ్మిది దాకా ఉండేదీ అతనే. ఓనరు ఇంటికి గ్యాస్ బండ మోయడం, పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకురావడం కూడా "నేర్చుకోవడం"లోనే పోయాయి.

ఇది ఆటోనగర్ ఒక్కచోటి జబ్బు అనుకోవద్దు. గుంటూరులో ప్రింటింగ్ ప్రెస్సుల నుంచీ, టైలరింగ్, బ్యూటీ పార్లర్ల నుంచీ నా దగ్గరికి వచ్చిన పిల్లలదీ ఇదే కథ. ఆడపిల్లలైతే బత్తా కూడా ఉండదు, పైగా "కోర్సు ఫీజు" అని వాళ్ల దగ్గరే తీసుకుంటారు.

చట్టం ఎక్కడ అడ్డుపడింది

1961 అప్రెంటిస్ చట్టంలో 18వ సెక్షన్ ఉంది. అప్రెంటిస్ శిక్షణ పొందేవాడు, కార్మికుడు కాదు, అతనికి లేబర్ చట్టాలు వర్తించవు అంటుంది. ఓనర్లకి ఈ ఒక్క సెక్షన్ బాగా తెలుసు. అదే చట్టం ఓనరు నెత్తిన పెట్టిన బాధ్యతలు మాత్రం తెలియవు. 4వ సెక్షన్ ప్రకారం ఒప్పందం రాసుకోవాలి, రిజిస్టర్ చేయించాలి. 13 ప్రకారం స్టైపెండ్ ఇవ్వాలి. 15 ప్రకారం అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (దీన్ని చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. 16 ప్రకారం దెబ్బ తగిలితే, కార్మికుడికి ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలి.

ఈ కుర్రాడు చేరేనాటికి, 2019లో సవరించిన రూల్స్ ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి మొదటి ఏడాది కనీస స్టైపెండ్ నెలకి 7,000. రెండో ఏడాది 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెంచాలి. కేంద్రం 2016లో పెట్టిన అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో నాలుగోవంతు, గరిష్ఠంగా నెలకి 1,500, ప్రభుత్వమే భరిస్తుంది. అంటే ఈ ఓనరు ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో పేరు ఎక్కించి ఉంటే మొదటి ఏడాది తన జేబులోంచి నెలకి 5,500 పెడితే సరిపోయేది. 30 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థకి అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నవాళ్లకి అది వాళ్ల ఇష్టం. దారి తెరిచే ఉంది, ఓనరు అటు పోలేదు. నెలకి 3,000తో పని జరిగిపోతుంటే ఎందుకు పోతాడు?

ఇక్కడ జూనియర్లు తొందరపడే చోటు ఒకటి ఉంది. "ఒప్పందం రిజిస్టర్ కాలేదు కాబట్టి అప్రెంటిస్ కాడు, కార్మికుడే" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అలా కుదరదు. 2004లో యూపీ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు, ఒప్పందం రిజిస్టర్ కానంత మాత్రాన అప్రెంటిస్ కాస్తా కార్మికుడు అయిపోడని చెప్పింది. అవతలి వకీలు ఆ తీర్పు పట్టుకుని వస్తాడు, వచ్చాడు కూడా. మన కేసుకీ దానికీ తేడా ఏమిటంటే, ఇక్కడ రిజిస్టర్ కాని ఒప్పందం కాదు కదా, అసలు ఒప్పందమే లేదు. ట్రేడ్ పేరు లేదు, సిలబస్ లేదు, గడువు లేదు, చివర్లో పరీక్ష లేదు. అయినా అంతటితో ఆగితే చాలదని నా నమ్మకం. చేసింది శిక్షణ కాదు, పని అని పనితోనే రుజువు చేయాలి.

సాక్ష్యం దొరికిన చోటు

మస్టర్ రోల్ (హాజరు పట్టీ) లేదు, జీతం స్లిప్పు లేదు, ఐడీ కార్డు లేదు. కుర్రాడు మాత్రం "నా దగ్గర ఏమీ లేదు మేడం" అన్నాడు. ఫోన్ తీయమన్నాను.

గ్యాలరీలో లారీలు. ఒక్కో బండి పని పూర్తయ్యాక తను వేసిన అతుకుల్ని దగ్గరగా ఒక ఫోటో, బండి మొత్తం కనపడేలా ఇంకో ఫోటో తీసుకున్నాడు. నంబర్ ప్లేటుతో సహా. తేదీ, టైము ఫోన్ దానంతట అదే రాసుకుంది. స్నేహితులకి చూపించుకోవడానికి తీసినవి అవి. అతుకు ఎంత నున్నగా వచ్చిందో వేలితో జూమ్ చేసి నాకు చూపిస్తుంటే ఆ పిల్లాడి మొహంలో వెలుగు చూడాలి. ఆ చూపించిన వేలు కుడిచేతిది. ఎడమచేతికి ఇంకా కట్టు ఉంది.

ఆ నంబర్లు పట్టుకుని తిరువూరు వైపు ఒక లారీ యజమానిని కలిశాం. బండి బాడీకి షెడ్డువాళ్లు ఇచ్చిన జీఎస్టీ బిల్లు దాచుకున్నాడు. అందులో షీటు, యాంగ్లర్లు, పెయింటు ఖర్చులతో పాటు "వెల్డింగ్ లేబర్" అని విడిగా ఒక లైను. "నా బండి డోర్లు కట్టింది ఈ అబ్బాయే, రెండు రోజులు పక్కనే కూర్చుని చేయించుకున్నా" అని వాంగ్మూలం ఇచ్చాడు. నా దృష్టిలో కేసుకి వెన్నెముక ఆ లైనే. కస్టమర్ దగ్గర కూలి వసూలు చేసిన పనిని, చేసినవాడి దగ్గరికి వచ్చేసరికి చదువు అంటే ఎవరు ఒప్పుకుంటారు?

రెండోది ఆక్సిజన్ సిలిండర్ల చలానాలు. గ్యాస్ ఏజెన్సీ వ్యాను వచ్చినప్పుడు ఖాళీవి ఇచ్చి నిండువి దించుకుని సంతకం పెట్టేది ఈ కుర్రాడే. ఏజెన్సీ రికార్డుల్లో నెలనెలా అతని సంతకం ఉంది, పక్కన షెడ్డు ముద్ర ఉంది. మూడోది ఫోన్‌పే హిస్టరీ. ఓనరు నంబర్ నుంచి ప్రతి నెలా మొదటి వారంలో ఒకే మొత్తం. నాలుగోది మేస్త్రి వాయిస్ మెసేజ్‌లు: "రేయ్, బందరు బండి సాయంత్రానికి పోవాలి, పెందలాడే వచ్చి ఫ్రేము పట్టెయ్." నేర్పేవాడు ఇలా మాట్లాడడు.

వాట్సాప్ చాట్లు స్క్రీన్‌షాట్‌లు తీసి సరిపెట్టుకోవద్దు. ఫోన్ మార్చొద్దని, యాప్ అన్ఇన్‌స్టాల్ చేయొద్దని మొదటిరోజే చెప్పాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

ప్రమాదం, తర్వాత జరిగినవి

2023లో ఒక మధ్యాహ్నం షీటు కటింగ్ మెషిన్ మీద పని. బ్లేడు ముందు ఉండాల్సిన గార్డు ఆ మెషిన్‌కి ఎప్పుడో ఊడిపోయింది, మళ్లీ బిగించలేదు. షీటు జరిపే చేయి కాస్త లోపలికి వెళ్లింది.

దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. రిజిస్టర్లో "ఇంట్లో తలుపు సందులో వేలు పడింది" అని రాయించారు. నొప్పితో ఉన్న పిల్లాడు ఏం చెప్పగలడు? పని ప్రమాదం అని రాస్తే పోలీసు కేసు అవుతుంది, నీకే ఇబ్బంది అని భయపెట్టారట. కానీ ఆసుపత్రి బిల్లు కట్టింది ఓనరు ఫోన్ నుంచి, అడ్మిట్ చేసుకున్న గంటలోపే. ఇంట్లో తలుపులో వేలు పడితే ఓనరు ఆసుపత్రిలో ఏం చేస్తున్నాడు అని అడిగితే జవాబు లేదు. ఆ రోజు పొద్దున మేస్త్రి పెట్టిన వాయిస్ మెసేజ్‌లో "ముందు షీట్లు కట్ చేసి పెట్టు" అని ఉంది.

రెండు వారాలకి తండ్రిని పిలిపించి 100 రూపాయల స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టించుకున్నారు. 20,000 ముట్టింది, ఇక ఏ క్లెయిమూ లేదు, పాత అప్పు మాత్రం అలాగే ఉంది అని దాని సారాంశం. నా దగ్గరికి వచ్చేసరికి తండ్రి ఆ కాగితం చూసి కుంగిపోయి ఉన్నాడు. "సంతకం పెట్టేశాను కదమ్మా, ఇంకేం అడుగుతాం" అన్నాడు. అప్పుడు అమల్లో ఉన్న 1923 ఉద్యోగుల పరిహార చట్టంలో 17వ సెక్షన్ ఇలాంటి కాగితాల కోసమే ఉండేది. పరిహారం హక్కుని వదులుకుంటున్నానని రాసిచ్చిన ఏ ఒప్పందమైనా చెల్లదు. స్టాంపు పేపర్ 100ది అయినా 1,000ది అయినా అంతే. కొడుకు అప్పటికే మేజర్, అతని తరఫున తండ్రి సంతకానికి విలువే లేదు. పల్లెల్లో స్టాంపు పేపర్ అంటే ఉన్న భయం వల్ల ఎన్ని కేసులు మొదలవకుండానే ఆగిపోతున్నాయో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

ముందు సర్టిఫికెట్లు వెనక్కి రావాలి. నోటీసులో 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని ప్రస్తావించాను. అప్పు ఇచ్చి మనిషిని కదలకుండా కట్టిపడేసి, కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవడం ఏ కోవలోకి వస్తుందో రాశాను. కనీస వేతనం ఇవ్వకుండా చేయించే పని రాజ్యాంగం 23వ అధికరణ కింద నిర్బంధ శ్రమే అని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా చేర్చాను. నోటీసు అందాక సర్టిఫికెట్లు మనిషితో పంపించారు. 30,000 ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ చట్టం కింద పూర్తిగా ముందుకి వెళ్లడానికి కుటుంబం ఇష్టపడలేదు. ఓనరుని పరిచయం చేసిన మనిషి వాళ్ల వీధిలోనే ఉంటాడు.

పరిహారం లెక్క

ఏ తలుపు తట్టాలో ముందు తేల్చుకోవాలి. షెడ్డులో పదిమంది, అంతకు మించి ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. ఈఎస్ఐ కిందికి వచ్చేవాడు 1923 చట్టం కింద పరిహారం అడగడానికి ఉండేది కాదు. కుర్రాడు చెప్పిన ప్రకారం మనుషులు పదికి పైనే, కానీ ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. ఓనరు రాతపూర్వకంగా ఇచ్చింది ఎనిమిది. ఈఎస్ఐ, ఫ్యాక్టరీ చట్టం తప్పించుకోవడానికి చాలా షెడ్లు ఈ లెక్కే చూపించేవి. కానీ ఆ ఎనిమిదితో బాధ్యత నేరుగా ఓనరు మీద పడింది. కరెంటు వాడుతూ వస్తువుని తయారుచేసే, మార్చే, రిపేరు చేసే చోట మనుషుల సంఖ్యతో పని లేకుండా 1923 చట్టం వర్తించేది. ఆ చట్టంలో దావాకి ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్లు గడువు ఉండేది. లేబర్ శాఖ అధికారే కమిషనర్ హోదాలో వినేవారు.

1923 చట్టం కింద లెక్క ఎలా వేసేవారో కుటుంబానికి కాగితం మీద చూపించాను, ఇక్కడా చూపిస్తాను. సులువుగా ఉండటానికి నెల వేతనం 10,000 అనుకుందాం. అందులో 60 శాతం 6,000. ప్రమాదం నాటికి 19 ఏళ్లు నిండినవాడికి నాలుగో షెడ్యూల్లో ఇచ్చిన అంకె 225.22. రెండూ గుణిస్తే 13,51,320. చూపుడువేలు ఒక కణుపు పోతే సంపాదన శక్తి నష్టం 9 శాతం అని మొదటి షెడ్యూల్లో ఉండేది. అంటే 1,21,618 రూపాయలు. అదే ఓనరు ఇస్తున్న 6,000 పెట్టి లెక్కేస్తే 72,971. తక్కువ జీతం ఇచ్చినవాడికి పరిహారంలో కూడా 48 వేలకు పైగా మిగులుతుంది! అందుకే చేతికి ఇచ్చిన బత్తాని కాకుండా, చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని పట్టుకుని వాదించాలి. ఏటా ఏప్రిల్, అక్టోబర్‌లలో మారే డీఏ(కరువు భత్యం)తో కలిపి చూసుకోవాలి.

వైద్య సర్టిఫికెట్ దగ్గర కూడా ఒక పేచీ వచ్చింది. ఎముక పోకుండా వేలి కొస మాత్రమే తెగితే 5 శాతమే. అవతలి వాళ్లు అదే పట్టుకున్నారు. మేం ఎక్స్‌రే తీయించి, ఎముక ఎక్కడిదాకా పోయిందో డాక్టర్ చేత రాయించాం. "వేలికి గాయం" అని రాసిన కాగితంతో ఎవరూ కమిషనర్ ముందుకి వెళ్లకండి.

విచారణలో మేస్త్రిని అడిగాను, ఈ అబ్బాయికి ఏం నేర్పారు అని. "చూసి నేర్చుకుంటారండీ" అన్నాడు. ఎవరు చూపించారు అంటే, "ఎవరి పని వాళ్లకి ఉంటుంది, చూపించడానికి టైమ్ ఎక్కడిది" అన్నాడు. ఆ మేస్త్రి మీద నాకు కోపం లేదు. ఆయనా పదమూడేళ్లకి ఇలాగే ఏదో షెడ్డులో చేరి ఉంటాడు. కుర్రాడే గార్డు తీసేసి పని చేశాడని ఓనరు ఆరోపించాడు, గార్డు చివరిసారి ఎప్పుడు చూశారంటే చెప్పలేకపోయాడు.

కార్మికుడే అని కమిషనర్ తేల్చారు. కనీస వేతనం లెక్కనే పరిహారం, 12 శాతం వడ్డీ, వైద్యానికి అయిన ఖర్చు ఇవ్వమన్నారు. ముందిచ్చిన 20,000 అందులో సర్దారు.

బకాయి వేతనాల కేసు వేరుగా వేశాం. 1948 కనీస వేతనాల చట్టంలో గడువు ఆరు నెలలే. ఆలస్యానికి కారణం చూపించి పాత నెలలకి కూడా అడిగాం. అది రాజీలో ముగిసింది, అడిగినదాంట్లో సగానికి కాస్త పైన వచ్చింది. పోరాడితే ఇంకా వచ్చేదని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ వాయిదా వచ్చినప్పుడల్లా తండ్రికి ఒకరోజు పని పోతోంది. నిర్ణయం వాళ్లది.

2025 నవంబర్ 21 నుంచి, ఈ కేసులో వాడిన 1923, 1948 చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్‌లో క్లెయిమ్ గడువు మూడేళ్లకి పెరిగింది, ఇది ఇలాంటి పిల్లలకి చాలా పెద్ద మేలు. ఉద్యోగి అన్న నిర్వచనంలోంచి 1961 చట్టం కింద తీసుకున్న అప్రెంటిస్‌ని మినహాయించారు కాబట్టి, ఈ కేసులో వచ్చిన ప్రశ్న రేపటి కేసుల్లోనూ వస్తుంది. బిల్లులు, చలానాలు, ఫోన్ ఫోటోలు అప్పుడూ అవసరమే.

కుర్రాడు ఇప్పుడు

వేలు లేని లోటు ఎలక్ట్రోడ్ హోల్డర్‌తో రాలేదు, షీటు పట్టుకునేటప్పుడు వస్తోంది. దివ్యాంగుల రిజర్వేషన్‌కి 40 శాతం వైకల్యం ఉండాలి, అతనికి ఆ దరిదాపుల్లో లేదు. రైల్వే అప్రెంటిస్ సీటుకి మామూలు అభ్యర్థిగానే పోటీ పడాలి, మెడికల్‌లో ఏమంటారో చూడాలి.

విజయవాడ దగ్గరి రాయనపాడు రైల్వే వ్యాగన్ వర్క్‌షాప్‌లో యాక్ట్ అప్రెంటిస్‌గా (1961 చట్టం కింద తీసుకునే అప్రెంటిస్) చేరాలన్నది చదువుకునేటప్పటి నుంచి అతని కోరిక. రైల్వే నోటిఫికేషన్లలో వయసు సాధారణంగా 24 లోపు, పరీక్ష ఉండదు, పదో తరగతి, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ వేస్తారు. ఇంతకుముందే అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లు అనర్హులు. అప్లికేషన్ పెట్టేముందు ఆ షరతు చదివి గాభరా పడి నాకు ఫోన్ చేశాడు, "మేడం, షెడ్డులో చేసింది లెక్కలోకి వస్తుందా?" అని. రాదని చెప్పాను. అక్కడ అతను అప్రెంటిస్‌గా లేడని కమిషనర్ ఆర్డరులోనే ఉంది, ఆ కాపీ దగ్గర పెట్టుకోమన్నాను. అప్లై చేశాడు. మెరిట్ లిస్టు ఇంకా రాలేదు.